తేటనీటిలో తిండి ఎక్కడిది?

‘సముద్రం – సందేహాలు’ శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా లక్షద్వీప్ గురించే. సెలవుల్లో అక్కడికి వెళ్లి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నట్టున్నారు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ప్లవకాల (నీటిలో తేలే చిన్న జీవుల) పని మీద అక్కడి కవరత్తి దీవికి వెళ్లి, లగూన్ (పగడపు దిబ్బ లోపలి మడుగు) నీటిని సూక్ష్మదర్శిని కింద పెట్టుకుని రాత్రుళ్లు కూర్చున్నదాన్ని కాబట్టి ఈ ఉత్తరాలు చదువుతుంటే నాకు పండగలా ఉంది. మొదటి ప్రశ్నకు ఎక్కువ చోటు తీసుకుంటున్నాను. మిగతావాటికి పునాది అక్కడే ఉంది.

ప్రశ్న: ఏప్రిల్‌లో కవరత్తి చూసి వచ్చాం. లగూన్‌లో మనిషి లోతు నీటి అడుగున ఇసుక కూడా స్పష్టంగా కనిపించింది. మా కాకినాడ తీరంలో మోకాలి లోతులో కాలి వేళ్లు కనిపించవు. నీళ్లు అంత తేటగా ఉన్నాయంటే అందులో తిండి లేదనే కదా? మరి అన్ని చేపలు ఏం తిని బతుకుతున్నాయి?
– ఒక గృహిణి, కాకినాడ

జవాబు: మీరు చూసింది నిజమే. నీరు తేటగా ఉందంటే అందులో తేలాడే జీవం తక్కువగా ఉందనే అర్థం. కానీ అంతమాత్రాన తిండి లేదని అనలేం. ఒక క్షణంలో నీటిలో ఎంత ఉందన్నది ఒక లెక్క. రోజు మొత్తంలో ఎంత పుట్టింది, ఎంత మరొకరి కడుపులోకి పోయింది అన్నది వేరే లెక్క. లగూన్ సంగతి తెలియాలంటే రెండో లెక్క కావాలి.

మీకు గోదావరి ఉంది. అది ఒండ్రుతో పాటు నత్రజని, భాస్వరం తెచ్చి సముద్రంలో కలుపుతుంది. వాటితో వృక్షప్లవకాలు, అంటే నీటిలో తేలుతూ ఎండతో ఆహారం తయారుచేసుకునే కంటికి కనిపించని జీవులు, దట్టంగా పెరుగుతాయి. అటాల్‌కు, అంటే కవరత్తి వంటి వలయాకారపు పగడపు దీవికి, నది లేదు. 1842లో చార్లెస్ డార్విన్ దాని పుట్టుకను ఇలా ఊహించాడు: సముద్రంలో ఒక అగ్నిపర్వతం మెల్లగా కుంగిపోతుంది, దాని అంచున పగడాలు ఎండ కోసం పైపైకి కట్టుకుంటూ వస్తాయి, చివరికి కొండ మునిగిపోయి పగడపు దిబ్బ వలయం మాత్రం మిగులుతుంది. 1952లో మార్షల్ దీవుల్లోని ఎనివెటాక్ అటాల్‌లో గొట్టం దింపి తవ్వారు. 1,200 మీటర్లకు పైగా సున్నపురాయి దాటాక అగ్నిపర్వత శిల తగిలింది. ఆ వలయం లోపల నిలిచిన సముద్రపు నీటినే లగూన్ అంటున్నాం. చుట్టూ ఉన్నది ఉష్ణమండల మహాసముద్రం. అక్కడ పైన వెచ్చటి నీటి పొర, కింద పోషకాలున్న చల్లటి నీరు ఉంటాయి. ఏడాదిలో ఎక్కువ భాగం ఆ రెండూ కలవవు. అందుకే పైనీటిలో పచ్చదనం తక్కువ, నీలం ఎక్కువ.

ఇంత పేద నీటి మధ్య అంత సంపన్నమైన దిబ్బ ఎలా నిలిచింది? ఈ ప్రశ్న శాస్త్రవేత్తలను చాలాకాలం వేధించింది. 1954లో ఓడమ్ సోదరులు, యూజీన్, హోవర్డ్, ఎనివెటాక్ వెళ్లి దిబ్బ మీదుగా నీరు ప్రవహించే చోట ఇటువైపూ అటువైపూ ఆక్సిజన్ కొలిచారు. పగలు దిబ్బ దాటే నీటిలో ఆక్సిజన్ పెరుగుతుంది, రాత్రి తగ్గుతుంది. పెరిగినది కిరణజన్య సంయోగక్రియ లెక్క, తగ్గినది శ్వాస లెక్క. ఉత్పత్తి చాలా ఎక్కువని తేలింది. అయితే శ్వాస కూడా దాదాపు అంతే ఉంది. తయారైన ఆహారాన్ని దిబ్బ తానే ఖర్చు పెట్టుకుంటోంది. మన దేశంలో కవరత్తి మీద ఇలాంటి పని చేసినవారు ఎస్. జెడ్. ఖాసిం, వి. ఎన్. శంకరనారాయణన్. దిబ్బ ఎంత సేంద్రియ పదార్థాన్ని నీటిలోకి వదులుతోందో కొలిచి 1970లో ప్రచురించారు. ఈ ఖాసిం గారే తర్వాత 1981లో మన తొలి అంటార్కిటికా యాత్రకు నాయకత్వం వహించారు. ఆ యాత్ర చాలామందికి తెలుసు. కవరత్తి పని ఎవరికీ గుర్తులేదు, అది నాకు బాధగా ఉంటుంది.

అసలు కిటుకు చెబుతాను. ఊళ్లోకి బయటి నుంచి వచ్చే డబ్బు తక్కువే అయినా, ఒకే రూపాయి సంతలో పది చేతులు మారితే పదిమందికి పని దొరుకుతుంది. లగూన్‌లో నత్రజని, భాస్వరం అలా చేతులు మారతాయి. ఒకటి విసర్జించింది మరొకటి వెంటనే అందుకుంటుంది. బయటి సముద్రంలో చచ్చినదీ విసర్జించినదీ వేల మీటర్ల లోతుకు దిగిపోతుంది, మళ్లీ ఎండ తగిలే నీటికి రావడానికి తరాలు పడుతుంది. లగూన్ అడుగు దగ్గరే ఉంటుంది. ఇసుక మీద పడినదాన్ని బాక్టీరియా, పురుగులు, సముద్ర దోసకాయలు తిని, పోషకాలను తిరిగి నీటిలోకి వదిలేస్తాయి.

బయటి నుంచి వచ్చే ఆదాయం కూడా అసలు లేకపోలేదు. దిబ్బ మీద పరుచుకునే కాలోత్రిక్స్ వంటి నీలి ఆకుపచ్చ జీవులు గాలి నుంచి కరిగిన నత్రజనిని పట్టి ఎరువుగా మారుస్తాయి. 1970లలో ఎనివెటాక్‌లోనే దీన్ని కొలిచారు. సముద్ర పక్షులు దూర సముద్రంలో చేపలు తిని దీవి మీద రెట్ట వేస్తాయి. హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల్లో 2018లో వెలువడిన పరిశోధన చూడండి. ఓడల వెంట వచ్చిన ఎలుకలు గుడ్లు తినేసిన దీవులతో పోలిస్తే, ఎలుకలు చేరని దీవుల్లో పక్షుల ద్వారా అందే నత్రజని 251 రెట్లు ఎక్కువ. ఆ దీవుల పక్కన దిబ్బ మీద చేపల బరువు 48 శాతం ఎక్కువ. కవరత్తికి వాయవ్యంగా పిట్టి అనే చిన్న ఇసుక దిబ్బ ఉంది, అది పక్షుల అభయారణ్యం. అక్కడ మనుషులు అడుగు పెట్టకుండా చూడడం పక్షుల కోసమే అనుకుంటారు. అది పక్కనున్న పగడపు దిబ్బకూ, చేపలకూ కూడా మేలే.

మూడో ఆదాయం అలల మీదుగా వస్తుంది. దిబ్బ అంచున, బయటి నీరు లోపలికి దూకే చోట, చిన్న చేపలు వేలకొద్దీ ప్రవాహానికి ఎదురుగా నిలబడి వచ్చే ప్రతి జంతుప్లవకాన్నీ, అంటే నీటిలో తేలే చిన్న జంతువునూ, ఏరుకుంటాయి. ఒక్కొక్క చేప కదలకుండా నిలబడి, ఉన్నట్టుండి అంగుళం ముందుకు దూకి, నోరు మూసి, మళ్లీ వెనక్కి వస్తుంది. నీటిలో తల పెట్టి ఒక గంట చూసినా విసుగు రాదు. వాటి వెనక పగడాల పాలిప్‌లు (పగడాన్ని కట్టే చిన్న జీవులు), స్పాంజీలు, నత్తగుల్లలు మిగిలినదాన్ని వడకడతాయి. ఆ వరస దాటి లగూన్‌లోకి చేరే నీటిలో పెద్ద ప్లవకాలు బాగా తగ్గిపోయి ఉంటాయి. మీరు చూసిన తేటదనానికి ఇది కూడా ఒక కారణం. అక్కడ తినేవాళ్లు అంతమంది ఉన్నారు.

ప్రశ్న: వృక్షప్లవకాలను జంతుప్లవకాలు, వాటిని చిన్న చేపలు, వాటిని పెద్ద చేపలు తింటాయని మా పాఠంలో ఉంది. లగూన్‌లో కూడా ఇంతేనా? ‘సూక్ష్మజీవుల వలయం’ అని ఎక్కడో చదివాను, అది ఏమిటి?
– ఇంటర్ బైపీసీ విద్యార్థిని, కర్నూలు

జవాబు: చాలా మంచి ప్రశ్న వేశావమ్మా. నీ పాఠంలోని గొలుసు తప్పు కాదు. చల్లటి, పోషకాలున్న సముద్రాల్లో అది బాగానే వర్తిస్తుంది. లగూన్‌లో మాత్రం కర్బనంలో ఎక్కువ భాగం ఆ దారిన పోదు.

ఒక లీటరు లగూన్ నీటిని సన్నని రంధ్రాల వడపోత కాగితం గుండా పోయనిచ్చి, దాని మీద డీఎన్ఏకు అంటుకునే రంగు వేసి, ప్రతిదీప్తి సూక్ష్మదర్శిని (రంగు పట్టినవి వెలుగుతూ కనిపించేది) కింద పెడితే ఏం కనిపిస్తుందో చెబుతాను. నల్లటి నేపథ్యం మీద నీలి చుక్కలు లెక్కలేనన్ని. అవి బాక్టీరియా. ఒక మిల్లీలీటరు సముద్రపు నీటిలో సుమారు పది లక్షలు ఉంటాయి. కాంతి వడపోత మారిస్తే వాటి మధ్య కొన్ని నారింజ రంగులో వెలుగుతాయి. అది సైనెకోకాకస్, పరిమాణం ఒక మైక్రోమీటరు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 1979లో మొదటిసారి దీన్ని గుర్తించారు. దానికంటే చిన్నది ప్రోక్లోరోకాకస్, 0.6 మైక్రోమీటర్లు. దాన్ని శాలీ చిషోమ్, ఆమె సహచరులు 1988లో లోకానికి వెల్లడించారు. భూమ్మీద కిరణజన్య సంయోగక్రియ జరిపే జీవుల్లో సంఖ్యలో ఇదే అన్నిటికంటే ఎక్కువ. ఇంత జరుగుతున్నా 1980ల దాకా మనిషి కంట పడలేదు. వేడి సముద్రాల్లో ఆహారం తయారుచేసేవాళ్లలో సింహభాగం ఈ రెండే.

ఇప్పుడు ఆలోచించు. నా ప్లవకాల వల రంధ్రం 200 మైక్రోమీటర్లు. ఈ జీవి దాని గుండా ఏ అడ్డూ లేకుండా పోతుంది. కోపిపాడ్ అనే జంతుప్లవకం, సుమారు మిల్లీమీటరు పొడవున్న చిన్న రొయ్య వంటి జీవి, తన నోటి దగ్గరి వెంట్రుకలతో ఇంత చిన్నదాన్ని సరిగా పట్టలేదు. దీన్ని తినగలిగేవి కశాభంతో, అంటే కొరడా వంటి తోకతో, ఈదే ఏకకణ జీవులు, రెండు మూడు నుంచి పది మైక్రోమీటర్ల వరకు ఉండేవి. వాటిని శైలికలున్న, అంటే ఒంటి మీద సన్నని వెంట్రుకల వంటివి ఉన్న, మరికొంచెం పెద్ద ఏకకణ జీవులు తింటాయి. అప్పుడు కోపిపాడ్ వంతు వస్తుంది. చేప ఆ తర్వాత. అంటే గొలుసులో రెండు మెట్లు అదనంగా చేరాయి.

మెట్టు పెరిగితే ఏమవుతుందో అంకెల్లో చూడు. ఇది విషయం అర్థం కావడానికి వేసిన లెక్క మాత్రమే. 1,000 గ్రాముల కర్బనం వృక్షప్లవకాల్లో తయారైందనుకో. ఏకకణ జీవి తిన్నదానిలో మూడో వంతు దాకా తన ఒంటికి పట్టించుకోగలదు, మిగిలింది శ్వాసలో కార్బన్ డయాక్సైడ్‌గా, విసర్జనగా పోతుంది. 30 శాతం వేసుకుంటే మొదటి మెట్టులో 300, రెండో మెట్టులో 90 మిగులుతాయి. కోపిపాడ్, చేప దశల్లో మామూలుగా చెప్పే 10 శాతం వేస్తే 9, తర్వాత ఒక గ్రాము కూడా నిండదు. ఆ రెండు మెట్లు లేకపోతే చేపకు 10 గ్రాములు చేరేది. మిగిలిన కర్బనమంతా వృథా అని మాత్రం అనుకోకు. అది వెనక్కి వెళ్లి మళ్లీ ప్లవకాలకు పనికొస్తుంది, దానితోపాటు విడుదలైన నత్రజని, భాస్వరం కూడా.

ఇక వలయం. వృక్షప్లవకాలు తయారుచేసిన చక్కెరల్లో కొంత నీటిలోకి కారిపోతుంది. తినేటప్పుడు చిందుతుంది, కణం పగిలినప్పుడు బయటపడుతుంది. నీటిలో కరిగిన ఈ కర్బనాన్ని చేప తాగి బతకలేదు. బాక్టీరియా తీసుకోగలదు. బాక్టీరియాను కశాభ జీవి తింటుంది. అలా పోయిందనుకున్న కర్బనం మళ్లీ గొలుసులో చేరుతుంది. ఈ ఆలోచనను 1974లో లారెన్స్ పామరాయ్ బలంగా ముందుకు తెచ్చారు, 1983లో ఫరూక్ ఆజమ్ బృందం దానికి ఆ పేరు పెట్టింది. వైరస్‌లు కూడా ఉన్నాయి, బాక్టీరియాకు సుమారు పది రెట్లు. అవి బాక్టీరియాను పగలగొట్టి కర్బనాన్ని మళ్లీ కరిగిన స్థితికే తెస్తాయి.

లగూన్‌లో ఈ వలయానికి మరో వనరు ఉంది. పగడం ఒంటి మీద ఎప్పుడూ ఒక జిగురు పూత ఉంటుంది. ఆటు సమయంలో నీరు తగ్గి కొమ్మలు ఎండకు తేలినప్పుడు అది ఇంకా ఎక్కువగా స్రవిస్తుంది. ఆ పూట నీటిలో దిగితే తెల్లటి పోగులు, వాటికి అంటుకున్న ఇసుక రేణువులు, గాలి బుడగలు తేలుతూ కనిపిస్తాయి. ఒక పోగును గాజు సీసాలో పట్టి చూస్తే మెల్లగా కుంచించుకుపోతూ, చుట్టూ ఉన్న నలుసులను పోగుచేసుకుని, అడుగుకు దిగుతుంది. ఆస్ట్రేలియాలోని హెరాన్ దీవి దగ్గర 2004లో వెలువడిన పరిశోధన ప్రకారం ఈ జిగురులో 56 నుంచి 80 శాతం నీటిలో కరిగి బాక్టీరియాకు ఆహారమవుతుంది. మిగిలింది నలుసులను పట్టుకుని లగూన్ అడుగుకు చేరుతుంది. కరిగిన కర్బనాన్ని స్పాంజీలు కూడా నేరుగా పీల్చుకుని, తమ పాత కణాలను రాల్చి, వాటిని తినే పురుగులకు, రొయ్యలకు అందిస్తాయని 2013లో కరీబియన్ సముద్రంలోని కురసావ్ దిబ్బల మీద చూపించారు. పరీక్షలో పాఠంలో ఉన్న గొలుసే రాయి. బుర్రలో మాత్రం దీన్ని ఉంచుకో.

ప్రశ్న: మాకు చేపల చెరువులున్నాయి. పేడ, యూరియా, సూపర్ ఫాస్ఫేట్ వేసి నీటికి పచ్చ రంగు తెప్పిస్తాం, బొచ్చె, శీలావతి బాగా పెరుగుతాయి. లక్షద్వీప్ లగూన్లలో కూడా ఇలా ఎరువు వేస్తే చేపలు, ముత్యపు చిప్పలు పెంచుకోవచ్చు కదా? అంత స్థలం ఊరికే పోతోంది.
– ఒక ఆక్వా రైతు, భీమవరం

జవాబు: ఊరికే పోవడం లేదండీ. మీరు వ్యవసాయం తెలిసినవారు కాబట్టి మీతో నేరుగా చెబుతాను: ఆ పని ఎవరూ చేయకూడదు.

ముత్యాల సాగు నిజంగా జరిగిన ఒక లగూన్ ఉదాహరణ తీసుకుందాం. ఫ్రెంచ్ పాలినేషియాలో టువామోటు దీవుల్లో టకపోటో అని ఒక అటాల్ ఉంది. లగూన్ విస్తీర్ణం సుమారు 80 చదరపు కిలోమీటర్లు, సగటు లోతు 20 మీటర్లకు పైగా. దానికి పడవ పోయేంత లోతైన ద్వారం లేదు. వలయం మీది లోతులేని కాలవల గుండానే సముద్రంతో రాకపోకలు. లోపలి నీరు పూర్తిగా మారడానికి సుమారు నాలుగేళ్లు పడుతుంది. అక్కడ నల్లంచు ముత్యపు చిప్పను పెంచేవారు. 1980ల మధ్యలో చిప్పలు పెద్ద ఎత్తున చనిపోయాయి. తర్వాత 1990లలో ఫ్రాన్స్, కెనడా శాస్త్రవేత్తలు అక్కడి ప్లవకాల కర్బన పద్దు మొత్తం రాయడానికి పూనుకున్నారు. ఎవరు ఎంత తయారుచేస్తున్నారు, ఎవరు ఎంత తింటున్నారు, ఎంత శ్వాసలో పోతోంది, ఎంత అడుగుకు దిగుతోంది. అన్నీ కొలవడం ఎవరి తరమూ కాదు. కొలిచినవి పెట్టుకుని, వచ్చిన కర్బనం, పోయిన కర్బనం ప్రతి మజిలీలోనూ సరిపోవాలన్న నియమంతో కొలవలేనివాటిని గణితంతో రాబట్టారు. పద్దు చూస్తే అక్కడా వృక్షప్లవకాల్లో అధికభాగం అతి చిన్న కణాలే, వాటి కర్బనం ఎక్కువగా ఏకకణ జీవుల గుండానే పోతోంది.

చిప్పకు దీనితో ఏమిటి సంబంధం? పెద్ద చిప్ప గంటకు ఇరవై లీటర్ల పైచిలుకు నీటిని వడకడుతుంది. కానీ దాని మొప్పల జల్లెడ ఐదు మైక్రోమీటర్ల కంటే పెద్దవాటిని బాగా పట్టి, అంతకంటే చిన్నవాటిని వదిలేస్తుంది. లగూన్‌లో సమృద్ధిగా ఉన్న ఒక మైక్రోమీటరు వృక్షప్లవకం దాని నోటికి అందదు. ఏకకణ జీవులు ముందు ఆ ప్లవకాన్ని తిని పెద్దవైతే, అప్పుడు చిప్ప వాటిని తింటుంది. మీ చెరువులో బొచ్చెకు, ప్లవకానికి మధ్య ఉన్న దగ్గరి దారి అక్కడ లేదు.

ఎరువు వేస్తే పెద్ద ప్లవకాలు పెరుగుతాయి కదా అంటారు. పెరుగుతాయి. ఆ తర్వాత నీరు చిక్కబడి ఎండ అడుగుకు చేరదు, పగడం ఎండ మీద బతికే జీవి. నాచు పెరిగి పగడాల మీద కమ్ముకుంటుంది. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయి చేపలు పైకి తేలి నోళ్లు తెరిస్తే మీరు ఏరేటర్లు తిప్పుతారు, మోటారుతో నీరు మారుస్తారు. లగూన్‌కు ఏరేటర్ ఎవరు తిప్పుతారు? 1994లో టువామోటులోనే హికుయేరు అటాల్‌లో ఇది జరిగింది. అలలు పడిపోయి బయటి నీరు లోపలికి రావడం తగ్గింది, సేంద్రియ పదార్థం కుళ్లి ఆక్సిజన్ అయిపోయింది, చేపలు, గుల్లలు కుప్పలుగా చచ్చాయి. అక్కడ ఎవరూ ఎరువు కూడా వేయలేదు. నీరు కదలకపోవడమే చాలింది.

కవరత్తి వంటి చిన్న, లోతులేని లగూన్లలో అలలూ ఆటుపోట్లూ రోజూ కొత్త నీటిని తోస్తాయి, టకపోటో కంటే అది నయం. అయినా హోటళ్లూ ఇళ్లూ పెరిగి మురుగు నీరు ఇసుక గుండా లగూన్‌లోకి ఊరితే అది ఎరువుతో సమానమే. కట్టడాలకు అనుమతి ఇచ్చేవాళ్లు గది అద్దె లెక్క వేసే ముందు నత్రజని లెక్క వేయాలని నేను ఎన్ని సభల్లో అవకాశం దొరికితే అన్ని సభల్లో చెబుతూ వస్తున్నాను.

ప్రశ్న: పగడపు దిబ్బలు కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని సున్నపురాయిగా మారుస్తాయి కదా, అడవుల్లాగే వాటికీ కార్బన్ క్రెడిట్లు ఇవ్వవచ్చా?
– బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

జవాబు: ఇవ్వకూడదు. పగడం అస్థిపంజరం కట్టడానికి నీటిలోని కాల్షియంను, బైకార్బనేట్‌ను వాడుతుంది. రెండు బైకార్బనేట్‌లలో ఒకటి సున్నపురాయిలో చేరుతుంది, రెండోది కార్బన్ డయాక్సైడ్‌గా బయటపడుతుంది. సముద్రపు నీటి రసాయన స్వభావం వల్ల అందులో కొంత నీటిలోనే సర్దుకుని, ఒక అణువు సున్నపురాయికి సుమారు 0.6 అణువుల చొప్పున కార్బన్ డయాక్సైడ్ విడుదలవుతుంది. ఇటు కిరణజన్య సంయోగక్రియ, శ్వాస దాదాపు సమానం. కాబట్టి చాలా దిబ్బలు గాలిలోకి కొద్దిగా ఇచ్చేవే గాని, తీసుకునేవి కావు. దిబ్బను కాపాడడానికి అలలను ఆపడం, చేపలు, జనం బతుకు వంటి కారణాలు కావలసినన్ని ఉన్నాయి. లేని గుణం అంటగట్టి డబ్బు అడిగితే ఉన్న గుణాలకు కూడా విలువ పోతుంది.

ప్రశ్న: మేము విశాఖ రేవు నుంచి సూర (ట్యూనా) చేపల వేటకు పోతాం. లక్షద్వీప్ వాళ్లు వల లేకుండా గాలం కర్రతోనే సూర పడతారట. దానికి లగూన్‌లోని చిన్న చేపలే ఆధారమట. నిజమేనా?
– మత్స్యకారుడు, విశాఖపట్నం

జవాబు: నిజమే. మినికాయ్ దీవిలో తరతరాలుగా ఉన్న పద్ధతి అది. 1960ల నుంచి మిగతా దీవులకూ పాకింది. తెల్లవారక ముందే లగూన్‌లో వల పరిచి, వెండి రంగులో మెరిసే వేలెడంత చేపలను ప్రాణంతో పట్టి, పడవ అడుగున రంధ్రాల గుండా సముద్రపు నీరు వచ్చిపోయే తొట్టిలో ఉంచుతారు. బయట సూర గుంపు కనబడగానే వాటిని గుప్పెడు గుప్పెడు చల్లి, పైనుంచి నీళ్లు చిమ్ముతారు. గుంపు ఎగబడుతుంది. ములుకు లేని గాలం కాబట్టి చేప పడవలో పడగానే ఊడిపోతుంది. ఆ చేపను ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి ‘మాస్’ చేస్తారు.

ఎర చేప తినేది లగూన్‌లోని కోపిపాడ్లు వంటి జంతుప్లవకాలనే. సూర పెరిగేది బయటి సముద్రపు తిండితో, లగూన్ నుంచి దానికి వెళ్లే కర్బనం చాలా తక్కువ. అయినా ఆ కాస్త లేకపోతే వేటే లేదు. పెద్ద వలలతో ఎర చేపను ఒక్కసారే ఊడ్చేసినా, అది తలదాచుకునే పగడాలు పోయినా పడవలు ఒడ్డునే ఉండిపోతాయి. గాలం వేటలో అక్కర్లేని చేప, తాబేలు చావవు. మీ సంఘంలో ఈ సంగతి చర్చకు పెట్టండి.

ప్రశ్న: రాత్రిపూట పడవ దీపం దగ్గర నీళ్లలో పురుగుల్లాంటివి తిరిగాయి. పగలు ఒక్కటీ లేదు. అవి ఎక్కడికి పోయాయి?
– ఏడో తరగతి బాలుడు, నల్గొండ

జవాబు: ఎక్కడికీ పోలేదు బాబూ, నీ కాళ్ల కిందే ఉన్నాయి. చాలా జంతుప్లవకాలు పగలంతా ఇసుకలో, పగడాల సందుల్లో దాక్కుని, చూపుతో వేటాడే చేపలు నిద్రపోయాక పైకి లేస్తాయి. పగడాలకు ఇది తెలిసినట్టే ఉంటుంది. చాలా రకాలు రాత్రే తమ చిన్న చేతులు చాచి వాటిని పట్టుకుంటాయి. పగలు వల లాగితే సీసా అడుగున పల్చటి పొర, రాత్రి అదే చోట లాగితే కదిలే గుజ్జు వస్తుంది.

ప్రశ్న: సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడితే ప్లవకాల సంగతి ఏమవుతుంది? దీని గురించి హైదరాబాదు నుంచి హెచ్చరికలు ఇస్తారని విన్నాను.
– ఉపాధ్యాయుడు, హైదరాబాదు

జవాబు: అవును, మీ ఊళ్లోనే ఉన్న ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, ఉపగ్రహాలు కొలిచే సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతల ఆధారంగా పగడాల తెల్లబాటు హెచ్చరికలు ఇస్తోంది. లక్షద్వీప్‌లో 1998, 2010, 2016, 2024లలో పెద్ద తెల్లబాట్లు వచ్చాయి.

పగడం తన ఒంట్లో ఉంచుకున్న సూక్ష్మ శైవలాలే దానికి కావలసిన కర్బనంలో అధికభాగం తయారుచేసి ఇస్తాయి. నీరు చాలా రోజులు వేడిగా ఉంటే ఆ పొత్తు చెడి, శైవలాలు బయటికి పోతాయి, పగడం తెల్లబడి ఆకలితో మాడుతుంది. వేడి తగ్గితే కోలుకోవచ్చు. చస్తే అస్థిపంజరం మీద నాచు ఎక్కుతుంది. ఇక్కడ కర్బనం దారి మారుతుంది. నాచు నీటిలోకి వదిలే కరిగిన చక్కెరలు త్వరగా పెరిగే బాక్టీరియాకు ప్రీతికరం. చేపల దాకా పోవలసిన కర్బనం సూక్ష్మజీవుల దగ్గరే తిరుగుతూ శ్వాసలో ఆవిరైపోతుంది, వాటిలో రోగకారకాలు పెరిగి మిగిలిన పగడాలనూ దెబ్బతీస్తాయి. పసిఫిక్‌లోని లైన్ దీవుల మీద 2008లో వెలువడిన పరిశోధనలో మనుషులు లేని కింగ్‌మన్ దిబ్బ కంటే జనం నివసించే కిరితిమాటి అటాల్ దగ్గర నీటిలో సూక్ష్మజీవులు, వైరస్‌లు సుమారు పది రెట్లు ఎక్కువగా తేలాయి. అక్కడ తెల్లబాటుతో పాటు వేట, మురుగు కూడా కారణాలే. నాచును మేసే చిలుకచేపలు మిగిలి ఉన్న చోట పగడపు పిల్లలకు అంటుకునే చోటు దొరుకుతుంది. ఆ చేపలను పట్టకుండా వదలడం స్థానికంగా మన చేతిలో ఉన్న పని. వేడి తగ్గించడం దేశాలన్నీ కలిసి చేయాలి.

ప్రశ్న: మా పిల్లలకు ప్లవకాలు చూపించాలని ఉంది. ఖరీదైన వల కొనాలా?
– సైన్సు ఉపాధ్యాయిని, శ్రీకాకుళం

జవాబు: అక్కర్లేదు. స్క్రీన్ ప్రింటింగ్ దుకాణంలో దొరికే సన్నని నైలాన్ గుడ్డ మీటరు తీసుకోండి. గరాటు ఆకారంలో కుట్టి, పైన జానెడు వెడల్పు తీగ చట్రం, కింద చిన్న సీసా కట్టండి. భావనపాడు రేవు దగ్గర మత్స్యకారులను అడిగి పడవ వెనక పది నిమిషాలు మెల్లగా లాగితే చాలు. సాయంత్రం చీకటి పడ్డాక అయితే మంచిది, పిల్లలకు లైఫ్ జాకెట్లు తప్పనిసరి. బడిలో ఉండే సూక్ష్మదర్శిని కింద వంద రెట్లు పెద్దది చేస్తే కోపిపాడ్ గుండె కొట్టుకోవడం కనిపించవచ్చు, కొన్ని జాతులకు గుండె ఉండదు. చూశాక నీటిని మళ్లీ సముద్రంలోనే పోయించండి. ఎవరైనా లక్షద్వీప్ వెళితే పగడపు ముక్కలు తెమ్మని మాత్రం అడగకండి. అవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, ఒడ్డున రాలిన ముక్క తెచ్చినా నేరమే.